సూదీ బెల్లూ ఒకే చేతికి

స్కానింగులో ఎక్కించే కాంట్రాస్టు మందు నరంలోకి పోకుండా పక్కకు కారి చెయ్యి వాచిపోవడం మహాభాగ్యం! నవ్వకండి. మా బావగారిని చూశాకే చెబుతున్నాను.

బావగారు టైలరు. ముప్పయ్యేళ్లుగా ఆయన కుడిచెయ్యి కత్తెర వదిలింది లేదు. ఆదివారమైనా దానికి సెలవివ్వండని మా అక్కయ్య మొత్తుకున్నా విన్నారా? అలాంటి చేతికి రెండే నిమిషాల్లో వారం సెలవు ఇప్పించిన మందును పొగడొద్దూ!

కడుపునొప్పికి డాక్టరు స్కాన్ రాశారు. "ఒళ్లంతా వేడెక్కుతుందండీ. పక్క తడిపేశానేమో అని కూడా అనిపిస్తుంది. కంగారు పడకండి" అంది స్కాన్ తీసే ఆవిడ. నరం బాగా కనబడిందని సూది కుడిచేతికే గుచ్చింది. "ఇబ్బందైతే నొక్కండి" అంటూ రబ్బరు బెల్లు కూడా అదే చేతిలో పెట్టి, అద్దాల గదిలోకి వెళ్లిపోయింది. కుడిచేతి వాటం మనిషి కదా, ఎంత ముందుచూపు!

వేడెక్కింది. ఒళ్లంతా కాదు, ఆ చెయ్యొక్కటే! ముందు నిమ్మకాయంత లేచింది, చూస్తుండగానే కొబ్బరికాయంత అయింది. బెల్లు నొక్కుదామంటే వేళ్లు ముడుచుకుంటేగా!

"అమ్మా, మండిపోతోంది!" అని అరిచారు.

"వేడిగానే ఉంటుంది, కదలకండి" అంది స్పీకరు.

మర్యాదస్తుడు, కదల్లేదు. ఈ చేత్తో ఇక కత్తెర పట్టగలనా అని లోలోపలే ఏడ్చారు.

ఆ అరుపును అరుపుగా విన్నది తలుపు అవతల కూర్చున్న అక్కయ్య ఒక్కతే. "లోపల అంతా మామూలేనమ్మా" అన్నారెవరో. ఆవిడ ఆగుతుందా? తలుపు ఊడొచ్చేలా బాదింది. అప్పుడు గానీ మిషను ఆగలేదు.

"బెల్లు నొక్కలేదేమండీ?" అని పైగా ఆయన్నే అడిగారు. కాగితంలో 'రోగి ఇబ్బంది తెలపలేదు' అని రాసుకున్నారు కూడా.

అయినా లాభాలు చూడండి! దిండు మీద చెయ్యి, స్పూనుతో తినిపించే భార్య! రాజభోగం కాదూ? అయితే రోజూ తెల్లారగానే ఆ రాజుగారు కత్తెరలో వేళ్లు దూర్చి చూసుకునేవారు. ఎనిమిదో రోజున దూరాయి. ఓ గుడ్డముక్క కత్తిరించి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

ఆగిపోయిన స్కాన్‌కి మళ్లీ రమ్మన్నారు. వెళ్లారు.

"ఈసారి ఏ చేతికి గుచ్చమంటారు?" అని అడిగింది స్కాన్ ఆవిడ.

"ఎడమచేతికి గుచ్చండమ్మా. బెల్లు మాత్రం బయట కూర్చున్న మా ఆవిడకివ్వండి."