చెరువు పురుగులకు పస్తు నిషేధం

నాగరిక సమాజంలో ఎవరూ అనుమతి లేకుండా ఆకలితో ఉండకూడదు. ఈ మహత్తర సూత్రాన్ని మనుషుల దగ్గర అమలు చేయడం కష్టమని తేలడంతో, నీటి పరిశోధన సంస్థ వారు చెరువులోని జంతుప్లవకాల దగ్గర మొదలుపెట్టారు. (జంతుప్లవకాలంటే నీటిలో తేలుతూ బతికే, ఆవగింజలో సగం కూడా లేని ప్రాణులు. అవి నాచును తింటాయి, వాటిని చేపపిల్లలు తింటాయి. ఫిర్యాదు చేయడం వాటికి రాదు కాబట్టి సంక్షేమానికి అన్ని విధాలా తగినవి.)

ఈ సూత్రం గురించి సంస్థలోని ఒక పరిశోధకురాలికి తెలిసేసరికి ఆమె సీసాల్లోని ప్రాణులు అప్పటికే పస్తులో ఉన్నాయి.

ఆమె చేసే పని ఇది. చెరువు పక్కన మొక్కజొన్న గంజిపిండి ఫ్యాక్టరీ ఉంది. దాని మురుగు కాలువ చెరువులో కలిసినప్పటి నుంచి చేపలు చచ్చి తేలుతున్నాయి. తమ మురుగు బుద్ధిగా అడుగున కూర్చుంటుందని, ఏ ప్రాణీ దాన్ని ముట్టదని ఫ్యాక్టరీ వారి వాదన. నిజం తేల్చడానికి స్థిర ఐసోటోపులున్నాయి. కర్బనంలో మామూలుదీ, కాస్త బరువైనదీ ఉంటాయి. నాచులో వాటి పాళ్లు ఒకలా, మొక్కజొన్నలో మరోలా ఉంటాయి. ఏది తింటే ఆ పాళ్లే ఒంట్లోకి చేరతాయి. అయితే కొలిచే ముందు ఈ ప్రాణులను ఒక పూట వడగట్టిన నీటిలో ఉంచి కడుపు ఖాళీ చేయించాలి. లేకపోతే ఒంటితో పాటు పొట్టలోని తిండినీ తూచినట్టవుతుంది. ఒంట్లో మొక్కజొన్న ఉందని తేలితే కాలువ మూసేస్తామని పైవాళ్లు మాటిచ్చారు.

ఆ మాట కోసం కాచుకుని కూర్చున్న మనిషి ఆమె బావ. అక్క మొగుడు. ఆ చెరువులోనే వల వేసి బతుకుతాడు.

“ఏం మరదలా, నీ పురుగులు నోరు విప్పాయా?”

“ఇంకా లేదు బావా. ముందు పస్తుంచాలి.”

“దానికేముంది, మా ఇంటికి పంపు. మీ అక్క పొయ్యి వెలిగించడం ఎప్పుడో తగ్గించింది. వాటికి తోడుగా మేమూ ఉంటాం.”

ఆమె నవ్వింది. ఎందుకు నవ్వానా అని లోపల వెతుక్కోబోయి, దొరికేది బాగుండదని మానేసింది.

మర్నాడు, సూత్రం అమలు కోసం సంస్థ వేసిన అతిసూక్ష్మ ప్రాణుల సంక్షేమ సంఘం అధ్యక్షుడు ప్రయోగశాలకు వచ్చాడు. సీసా మీదికి వంగి చాలాసేపు చూశాడు.

“ఇవెందుకమ్మా ఇంత నీరసంగా ఉన్నాయి?”

“నీరసం కాదు సార్, కడుపు ఖాళీ చేసుకుంటున్నాయి.”

“అంటే, తిండి పెట్టలేదా!”

“పెడితే కొలత చెడిపోతుంది సార్.”

“కొలతదేముందమ్మా, మళ్లీ కొలుచుకోవచ్చు. ప్రాణం పోతే మళ్లీ వస్తుందా?”

(కొలవడానికి వాటిని ఎండబెట్టి పొడి చేస్తారు. దానికి అనుమతి ఇచ్చింది ఆయనే. కడుపు నిండా తిన్నవాటిని పొడి చేయడానికి నియమాల్లో ఎలాంటి అభ్యంతరమూ లేదు.)

ఎలాగూ పొడి చేసేవే కదా అని ఆమె అనబోయింది. కానీ పెద్దవాళ్లు గట్టిగా మాట్లాడితే ఆమె తల తనంతట తనే ఊగుతుంది. చిన్నప్పుడు నాన్న ముందు పడిన అలవాటు. చెరువులో ఈ ప్రాణులూ అంతే, వెలుతురు పడగానే కిందికి దిగిపోతాయి. తల ఊగింది. సంఘం దాన్ని శాస్త్రీయ సమ్మతిగా స్వీకరించింది.

ఏం తిండి పెట్టాలన్నది తర్వాతి సమస్య. నాచు పెడదామంటే, సంస్థ కొనదగిన వస్తువుల్లో నాచు లేదు. అంతలో ఫ్యాక్టరీ వారే మానవతా దృక్పథంతో (ఇక్కడ మానవులెవరూ లేకపోయినా) మేలురకం మొక్కజొన్న పిండి ఒక బస్తా ఉచితంగా పంపారు. అధ్యక్షుడు స్వయంగా చెంచాతో వడ్డించాడు. ఫోటో తీశారు. ప్రాణులు కనపడలేదు గానీ చెంచా బాగా వచ్చింది. చెరువు నుంచి మళ్లీ కొత్తవి పట్టుకొద్దామంటే కొత్త అనుమతి కావాలి. అది కాలువ మీద విచారణ ముగిశాక వస్తుంది.

ఫలితం వచ్చింది. మొక్కజొన్నే.

విచారణ సంక్షేమ సంఘం అధ్యక్షుడి గదిలోనే జరిగింది. బావ ఉతికిన చొక్కా వేసుకుని వెనక కుర్చీ అంచున కూర్చున్నాడు.

“కాలువ నుంచి వచ్చిందే సార్,” అంది ఆమె.

“మన చెంచా నుంచి రాలేదని చెప్పగలవా అమ్మా?”

ఇక చెప్పడానికి వీల్లేదు. ఆ రోజు తన తల ఊగకపోతే చెప్పగలిగేదని ఆ గదిలో బాగా తెలిసింది ఆమె ఒక్కదానికే.

“సరే, కాలువదే అనుకుందాం,” అన్నాడు అధ్యక్షుడు ఉదారంగా. “అంటే ఇంతకాలంగా ఫ్యాక్టరీయే వీటికి తిండి పెడుతోందన్నమాట. ఇప్పుడు కాలువ మూస్తే ఇవి పస్తుండవా?”

గది కాసేపు ఆలోచించింది. తర్వాత చప్పట్లు కొట్టింది. కాలువను నిత్య పోషణ కేంద్రంగా గుర్తించి, కాస్త వెడల్పు చేయించాలని తీర్మానించారు.

బావ లేచాడు. “అయ్యా, చేపల్లేక మేం పస్తులుంటున్నాం. ఆ రూలేదో మాక్కూడా పెట్టండి.”

అధ్యక్షుడు నియమావళి తెప్పించాడు. అందులో ప్రాణి అంటే మిల్లీమీటరుకు మించనిది. ఆయన బావను ఎగాదిగా చూశాడు.

“నువ్వు బాగా పెద్దగా ఉన్నావయ్యా.”

“ఇదివరకు ఇంకా పెద్దగా ఉండేవాణ్ణి బాబూ.”

“చూశావా! ఏమ్మా, శాస్త్రం ప్రకారం అంతే కదా?”

ఆమె బావ వైపు చూడాలనుకుంది. ఈలోగా తల ఊగింది.

సదరు వ్యక్తి నిర్ణీత పరిమాణానికి తగ్గిన మరుక్షణం పస్తు నిషేధం ఆయనకూ వర్తిస్తుందని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ దిశగా పనులు సంతృప్తికరంగా సాగుతున్నాయి.