మత్తు డాక్టరుకి స్టూలెందుకు?

ఆపరేషన్ అయ్యేదాకా మత్తు డాక్టరు రోగి తల దగ్గరే కూర్చోవడమంత దుబారా లోకంలో ఇంకొకటి లేదు! బాగా ఆలోచించే చెబుతున్నాను.

సూది వేశారు. మనిషి నిద్రపోయాడు. ఇంకేం పని? కోసేవాళ్ళు కోస్తున్నారు, కుట్టేవాళ్ళు కుడుతున్నారు. ఈ డాక్టరు మాత్రం స్టూలెక్కి, టీవీలాంటి డబ్బాలో గీతలు చూస్తూ ఉంటారు. గీతలు చూడటానికి అంత చదువా, మీరే చెప్పండి!

అందుకే పట్నం ఆసుపత్రి మేనేజరు కనిపెట్టిన పద్ధతికి దండం పెడుతున్నాను. మూడు ఆసుపత్రులకి ఒకే మత్తు డాక్టరు. ఇక్కడ నిద్రపుచ్చడం, బండెక్కడం, అక్కడ నిద్రపుచ్చడం!

ఇది అన్నిచోట్లా రావాలి. బస్సుకి గేరు వేశాక డ్రైవరు దిగి వెనక బస్సెక్కాలి. రోడ్డు తిన్నగా ఉంటే స్టీరింగ్ దగ్గర మనిషెందుకు? నూతిలోకి మనిషిని దింపినవాడు తాడు కొస రాయికి చుట్టేసి ఇంకో నూతికి పోవాలి. గొర్రెల్ని మేతకి వదిలాక కాపరి దేనికి? తోడేలుకి మాత్రం ఇంగితం ఉండదూ?

మొన్న ఆ ఆసుపత్రిలోనే మా ఆవిడకి పిత్తాశయంలో రాళ్ళు తీశారు. మత్తు డాక్టరు నడివయసు ఆవిడ. ముందుగా వచ్చి, నోరు తెరవమంది. కదిలే పళ్ళున్నాయా, పొద్దున్న ఏమైనా తిన్నారా, మెట్లెక్కితే ఆయాసమా అని ఒకటే ఆరా.

"కోసేది కడుపు కదమ్మా, నోట్లో ఏం వెతుకుతున్నావు?" అంది మా ఆవిడ.

"కడుపు సర్జన్ గారిదమ్మా. ఊపిరి నాది. మీరు లేచి మాట్లాడాకే నేను కదిలేది."

ఇంత మొండిమనిషితో పద్ధతి ఎలా సాగుతుంది?

లోపలికి తీసుకెళ్ళిన కాసేపటికి మేనేజరు ఫోను పట్టుకుని వరండాలో పచార్లు మొదలెట్టాడు. పక్క ఆసుపత్రిలో ఇంకొకరిని బల్ల మీద పడుకోబెట్టారట. ఈవిడ రానంటోందట.

"చూడండి బాబాయ్! నిద్రపుచ్చడం అయిపోయింది. ఇంకా అక్కడ కూర్చుని ఏం చేస్తుంది?"

"ఏం చెయ్యదు నాయనా. చూస్తుందంతే."

"నేనే వెళ్ళి పంపించేస్తా. మీకేం అభ్యంతరం లేదుగా?"

"నాకా? భేషైన పద్ధతి!" అన్నాను. అని, ఆపరేషన్ గది తలుపుకి అడ్డంగా నేల మీద చతికిలబడ్డాను.

"అదేంటి బాబాయ్, లేవండి!"

"మోకాళ్ళు పట్టేశాయి నాయనా. మా ఆవిడ లేస్తే గాని లేవలేను."

ఆయన బతిమాలాడు, కసిరాడు. కూర్చున్నచోటే నాకు ఈ పద్ధతిలోని అసలు గొప్పతనం బోధపడింది. ఫిర్యాదు చెయ్యాల్సిన మనిషి నిద్రలో ఉంటుంది! లేస్తే ఫిర్యాదు ఉండదు. లేవకపోతే ఫిర్యాదీయే ఉండదు.

చివరికి తలుపు తెరుచుకుంది. స్ట్రెచర్ తల వైపు మత్తు డాక్టరే నడుస్తోంది, మా ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టి. మా ఆవిడ సగం కన్ను తెరిచి నన్ను చూసింది.

"దారికడ్డంగా... ఆ కూర్చోవడమేంటి? నలుగురూ... ఏమనుకుంటారు?"

"మాట్లాడారు," అంది డాక్టరు. అప్పుడు తీసింది ఫోను.

నా మోకాళ్ళు ఠక్కున బాగయ్యాయి. లేచి దారిచ్చి, మేనేజరు భుజం తట్టాను.

"పద్ధతి భేషుగ్గా ఉంది నాయనా. ముందు మీ ఇంటావిడతో మొదలుపెట్టు!"