నాలుగో మెట్టు మీద ఒక జత జోళ్లు

మానవజాతి నిప్పును కనుక్కుంది, చక్రాన్ని కనుక్కుంది, ఆ తర్వాత చాలాకాలం ఖాళీగా కూర్చుని, చివరికి మా బడిలో న్యాయబద్ధ ప్రగతిశీల క్రమశిక్షణను కనుక్కుంది. పాతకాలంలో అల్లరి చేసినవాడి చెవి మెలిపెట్టేవాళ్ళు. పని చిటికెలో అయిపోయేది. ఇప్పుడంత అనాగరికంగా ఎవరూ తొందరపడరు. మెట్లున్నాయి. మొదటి మెట్టు, మెత్తని మాట. రెండోది, ఇంకాస్త మెత్తని మాట. మూడోది, ఇంటికి కబురు. నాలుగోది, సామరస్య వలయం, అంటే అందరూ గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడం. (ఐదో మెట్టు కూడా ఉందంటారు. అక్కడిదాకా ఎక్కినవాడు మా బడిలో ఇంకా పుట్టలేదు.)

ఈ పద్ధతికి ప్రాణం లాంటి నియమం ఒకటుంది. పిల్లల్ని "ఎందుకు" అని అడగకూడదు. ఆ మాట పసి మనసును బోనులో నిలబెడుతుందని జిల్లా తనిఖీ అధికారి బురుల్ మేడం తేల్చారు. ఏం జరిగింది, ఎవరికి బాధ కలిగింది, ఇప్పుడెలా అనిపిస్తోంది అని అడగొచ్చు. నేను భూగోళం చెబుతాను. నదులు ఎందుకు వంకర తిరుగుతాయో అప్పటినుంచి చెప్పడం మానేశాను.

ఆరో తరగతి తిలెక్ చేసిన నేరం పరుగు. మొదటి షిఫ్టు గంట కొట్టీ కొట్టకముందే వాడు గుమ్మం వైపు లగెత్తుతాడు. అక్కడ రెండో షిఫ్టుకొచ్చిన చెల్లెలు జీబెక్ నిలబడి ఉంటుంది. బయట బురదలో తిరిగే బూట్లు ఎవరివి వాళ్ళకున్నాయి. బడి లోపల వేసుకునే జోళ్లే, ఇద్దరికీ కలిపి ఒక జత. వాడు విప్పి ఇస్తాడు, అది తొడుక్కుని క్లాసుకు పోతుంది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. బడికి తెలియదు. బడి అడగలేదు.

నేను ప్రధానోపాధ్యాయుడు సదీర్ గారికి చెప్పకపోలేదు. "విన్నాను గానీ, విన్నదంతా తెలిసినట్టు కాదుగా! వాడంతట వాడు వలయంలో చెప్పాలి" అన్నాడాయన. పోనీ నేనే ఓ జత కొనిస్తానంటే, మెట్ల మీదున్న విద్యార్థికి కానుకలివ్వడం ప్రక్రియలో జోక్యమట. ఒళ్ళు మండింది. కానీ మండే ఒంటికి మా దగ్గర మెట్లు లేవు.

వలయం పెట్టింది సరిగ్గా మొదటి షిఫ్టు అయ్యాక. సరిగ్గా ఆ మధ్యాహ్నమే జీబెక్ తరగతికి లెక్కల పరీక్ష. నెగ్గినవాళ్ళు కరకోల్ పట్నంలో జరిగే పోటీకి వెళతారు. ఆ పిల్ల చలికాలమంతా పొయ్యి దగ్గర కూర్చుని లెక్కలు చేసింది ఇందుకే.

వలయాన్ని గుమ్మం పక్క గదిలో, ముగ్గులేసిన ఉన్ని నమదా తివాచీ మీద వేశారు. నమదా మీదికి జోళ్లతో ఎక్కరు కాబట్టి అందరం గది బయట వసారాలో విడిచాం. మర్యాద ప్రకారం గుమ్మం దగ్గర్నుంచి ముందు, వలయం నడపడానికి వచ్చిన బురుల్ మేడం గారివి, ఆపైన ఊరిపెద్ద ఒస్మోన్ తాతవి, ఆపైన మావి. చిట్టచివర తిలెక్‌వి. గడప అవతల నిలబడ్డ జీబెక్‌కి తన జోళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. కానీ వెళ్ళి తెచ్చుకోవాలంటే కాళ్ళకు జోళ్లుండాలి.

"అక్కా, అవి మావే! గబుక్కున తెచ్చేసుకుంటా" అని ద్వారం కాచే సోనున్ అక్కను బతిమాలింది.

"మట్టి బూట్లతో వస్తావా? నేనిప్పుడే తుడిచాను తల్లీ. వట్టి కాళ్ళతో నడిస్తే ఆరోగ్య నియమం ఒప్పుకోదు."

"మరి నువ్వే తెచ్చివ్వు."

"పెద్దవాళ్ళ జోళ్లున్న వరసలో నేను చెయ్యి పెట్టనా! నా ఉద్యోగం ఉండాలా వద్దా?"

లోపల కల్పక్ తిరుగుతోంది. మా తెల్ల ఊలు టోపీ అది. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు నోరు మెదపకూడదు. మొదట పెద్దాయనకివ్వాలి గనక ఒస్మోన్ తాతకిచ్చారు. ఆయన తన ఏడు తరాల తాతల పేర్లతో మొదలుపెట్టి, వాళ్ళ గుర్రాల దగ్గరికొచ్చాడు. టీ పోస్తూనే ఉన్నారు, గిన్నె అడుగున కాస్తంత, గౌరవానికి. (నిండా పోస్తే ఇక లేచి వెళ్ళమని అర్థం.) తిలెక్ ప్రతి గిన్నెలోకీ తొంగి చూస్తున్నాడు, ఎవరైనా నిండా పోస్తారేమోనని.

చివరికి టోపీ వాడికి చేరింది.

"ఏం జరిగింది నాయనా?" అన్నారు బురుల్ మేడం.

"పరుగెత్తాను మేడం."

"ఎవరికి బాధ కలిగింది?"

"మా చెల్లికి. ఇప్పుడు కూడా బయట..."

"శభాష్! ఎదుటివారి బాధ గుర్తించాడు!" మేడం కళ్ళు చెమర్చాయి. వాడి చేతిలోంచి టోపీ తీసి సదీర్ గారికిచ్చారు, ఈ ప్రగతి మీద రెండు మాటలు చెప్పమని. రెండు మాటలు అయ్యేసరికి రెండో షిఫ్టు గంట కొట్టింది. బయట పిల్ల ఏడుపు వినిపించింది. టోపీ నా చేతికింకా రాలేదు.

అప్పుడు సోనున్ అక్క ఓ మాట అంది, గది లోపలికి కూడా వినబడేట్టు. "నా చెయ్యి పెట్టకూడదు సరే. తుడుపుకర్రకేం నియమం లేదుగా!"

కర్ర చాచింది. అందింది వరసలో ముందున్న జతే. కాస్త పెద్దవైనా, ఆ జోళ్లలో జీబెక్ టపటపలాడుతూ మెట్లెక్కి పరీక్షకు పరుగెత్తింది.

తాత దీవెన ఇచ్చి, అందరం చేతులు ముఖానికద్దుకుని లేచేసరికి మేడం జోళ్లు లేవు. వట్టి మేజోళ్లతో వసారాలో అడుగు పెట్టబోయారు. సోనున్ అక్క కర్ర అడ్డం పెట్టింది.

"జోళ్లు లేకుండా కుదరదు మేడం."

"ఏమిటీ ఆగడం? నేనెవరో తెలుసా?"

"తెలుసు కాబట్టే. నియమం రాసింది మీరే కదా."

మేడం ముఖం కందగడ్డలా అయింది. తిలెక్ పరుగెత్తి తన జత తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "మావి వేసుకోండి మేడం. బిగుతుగా ఉంటాయేమో. మాకు అలవాటే, ఇద్దరం ఇదే జత."

వాడంతట వాడే చెప్పాడు. ఇక బడికి కూడా తెలిసింది.

మేడం ఆ చిన్న జోళ్లలోకి కాలు దూర్చి చూశారు, పట్టలేదు. రెండో షిఫ్టు అయి, తన జోళ్లు తిరిగొచ్చేదాకా అక్కడే కూర్చుని టీ తాగారు. జీబెక్ పరీక్షలో మొదటి స్థానంలో వచ్చింది. కళ్ళు తెరిపించిన రోజని మేడం వెళ్తూ వెళ్తూ అన్నారు. మా బడిలో జోళ్ల కొరత తీవ్రంగా ఉందని పైకి గట్టిగా రాస్తానని మాటిచ్చారు. నిజం చెప్పొద్దూ, నాకు కూడా కాస్త ఆశ కలిగింది.

మాట నిలబెట్టుకున్నారు. పది రోజుల్లో పైనుంచి కొత్త జోళ్లు వచ్చాయి. ఒక జత. లోపల గొర్రెబొచ్చు, బయట పసుపు తోలు. తనిఖీ అధికారి వచ్చినప్పుడు వాడటానికి.

ఇంత మార్పు తెచ్చినందుకు తిలెక్‌ను ఐదో మెట్టు ఎక్కించారు. అది శిక్ష కాదు, బాధ్యత అప్పగించడం. ఆ జోళ్ల మీద దుమ్ము పడకుండా వాడు రోజూ తుడవాలి, మొదటి షిఫ్టు గంట కొట్టాక.