బావగారి తుప్పు

ఆ ఉదయం ఆవిడ వేసుకున్న పథకం చాలా చిన్నది: భర్త క్షవరం చేయించుకుని వచ్చేలోగా ఆయన బొమ్మ రోడ్డు రోలరును శుభ్రంగా తుడిచిపెట్టాలి. మధ్యాహ్నం పురమందిరంలో నమూనాల పోటీ. ఆ మందిరం ముందు నిలిచిపోయిన పాతకాలపు ఆవిరి రోలరును చూసి చేసినదే ఈ జానెడు బొమ్మ. న్యాయనిర్ణేత రెంటినీ పోల్చి చూస్తాడు. ఏటా ఉత్త చేతులతో తిరిగివచ్చే ఆయన, ఈసారీ అంతే అయితే పనిముట్లన్నీ అటకెక్కిస్తానని తేల్చి చెప్పారు.

సబ్బునీళ్లకు, పాత పళ్లబ్రష్షుకు మురికి వదిలి, నవనవలాడే ఆకుపచ్చ రంగు తేలింది. ఆవిడ తృప్తిగా వెనక్కి జరిగి, అప్పుడు చూసింది బల్లమీది డబ్బాలను. వాటిపై ఆయన చేతిరాత: "లేత తుప్పు", "ముదురు తుప్పు", "పొగగొట్టం కింది తుప్పు".

బుద్ధి ఉన్న మనిషి ఏడాదిపాటు తుప్పు పూస్తూ కూర్చుంటాడా అని ఒళ్లు మండింది. మంట చల్లారాక కార్లకు రంగులు వేసే తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరే, మీ బావ తుప్పంతా కడిగేశాన్రా."

"మంచిదేగా అక్కా?"

"మంచిదైతే నీకెందుకు చేస్తాను? బొమ్మకి తుప్పు పెట్టడం నాకు రాదు. అసలుదానికి రంగెయ్యడం నీకొచ్చు."

"బావతో కాపరం చేసి చేసి నువ్వూ ఇలా అయిపోయావన్నమాట," అన్నాడు.

పురమందిరం కాపలాదారు అడ్డొచ్చాడు. "రంగేస్తారని నాకెవరూ చెప్పలేదమ్మా."

"వెయ్యొద్దని చెప్పారా?"

అదీ చెప్పలేదు. అతడు కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. వీధివైపు పక్క పూర్తయ్యేసరికి రంగు అయిపోయింది. జనం రావడం మొదలైంది. వారి వెనకే ఆయన వచ్చారు, నఖశిఖపర్యంతం తుప్పుపట్టిన బొమ్మను పసిబిడ్డలా పట్టుకుని.

"కడిగేశాను కదండీ?" అంది ఆవిడ, నీరసంగా.

"చూశాను. చెబితే బాధపడతావని మళ్లీ పూసేశాను. ఆ మరకలు నా చేతికి కంఠతా వచ్చు." ఆయన చూపు రోలరుపై పడింది. "దీన్నెవరు పాడుచేశారు?"

తమ్ముడు రంగు గన్నును వీపు వెనక దాచుకున్నాడు.

న్యాయనిర్ణేత ఒక ముసలి ఇంజనీరు. బొమ్మను చూసి, రోలరును చూసి, పెదవి విరిచాడు. "అసలుది ఆకుపచ్చగా ఉందే."

"పొద్దున లేదండీ," అంటూ ఆవిడ ముందుకొచ్చింది. "రంగు వేయించింది నేను. ఆయనకేం తెలీదు. గోడవైపు రండి, చూపిస్తాను."

గోడవైపు రోలరు ఇంకా తన తుప్పులోనే ఉంది. బొమ్మను పక్కన పట్టుకుంటే మరకకు మరక సరిపోయింది. ఇంజనీరు మోకాళ్లమీద కూర్చుండిపోయాడు.

"పొగగొట్టం కిందిది హడావుడిలో కాస్త ముదిరిందండీ," అన్నారు ఆయన, ఎవరూ అడగకుండానే.

మొదటి బహుమతి ఆయనకు వచ్చింది. అనుమతి లేకుండా ఒక పక్క రంగు వేసినందుకు రెండో పక్కా వేసే శిక్ష అక్కాతమ్ముళ్లకు పడింది. ఆయన మాత్రం కొన్నాళ్లు ఆగమని అధికారులను బతిమాలారు. సగం తుప్పు, సగం ఆకుపచ్చతో కొత్త బొమ్మ మొదలుపెట్టారు మరి.

ఇంట్లో దుమ్ము దులిపే పని ఇప్పుడు ఆయనదే.