వైరు లేని గట్టిమేళం

ఆ సోమవారం ఉదయానికి అశోక్ వేసుకున్న ప్రణాళిక చాలా సులువైనది. కుందారపల్లి కల్యాణ మంటపంలో చెల్లెలు మధుమిత పెళ్లి. ఏడున్నర దాకా ముహూర్తం, ఆ తర్వాత రాహుకాలం. పెళ్లిళ్ల రద్దీలో కృష్ణగిరి చుట్టుపక్కల మేళగాళ్లెవరూ దొరకలేదు. హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తూ ఆదివారాలు సంగీతం వెలగబెట్టే అశోక్, "మేళం సంగతి నాకొదిలేయండి" అని మాటిచ్చేశాడు.

మూడు కీబోర్డులు, ఒక ట్యాబ్లెట్. ఒకదాని మీద తాను నాదస్వరం, రెండోదాని మీద తోటి ఉద్యోగి ప్రతిభ డోలు. మూడోదాని మీద ఏ మీట నొక్కినా గట్టిమేళమే. దాన్ని స్నేహితుడు గంగప్పకు అప్పగించాడు. కీబోర్డుల సొంత గొంతు పూర్తిగా తగ్గించేశాడు. మీట నొక్కితే ఆ కబురు గాల్లోనే ట్యాబ్లెట్‌కు చేరుతుంది, మోత వేదిక పక్క స్పీకర్లలో వస్తుంది.

"వైరే లేదు కదప్పా, యాడైనా కూర్చోవచ్చా?" అన్నాడు గంగప్ప.

"యాడైనా కూర్చో. నేను చెయ్యెత్తితే నొక్కు, అంతే."

యాడైనా అంటే గంగప్ప దృష్టిలో భోజనాల హాలే. దాని గుమ్మంలోంచి వేదికా కనబడుతుంది, పొంగలి వాసనా తగులుతుంది. చివరి బల్ల మీద కీబోర్డు పెట్టుకుని స్థిరపడ్డాడు.

అసలు చిక్కు వేరే ఉంది. సామల్పట్టి నుంచి రావలసిన మేనమామ అంజనప్ప ఇంకా రాలేదు. ఎనిమిదేళ్ల కిందట గృహప్రవేశం పత్రికలో తన పేరు కింది వరుసలో వేశారని అలిగి, తన చెల్లెలు, అంటే అశోక్ తల్లి, చెన్నమ్మ గడప తొక్కడం మానేసిన మనిషి ఆయన. మేనకోడలి పెళ్లికని మొన్ననే మెత్తబడ్డాడు. ఆ ఇంటి ఆచారం ప్రకారం తాళి పడేదాకా మేనమామ ఉపవాసంతో పెళ్లికూతురి పక్కన నిలబడాలి. ఆయన లేకుండా తాళి పడితే తనకు ఈ జన్మకిక పుట్టిల్లు లేదని చెన్నమ్మ హడలిపోతోంది.

ఏడు గంటలకు ఫోను చేసింది. "అన్నా, యాడుండావు?"

"కృష్ణగిరి కాడ ఉండాను చెన్నమ్మా. వచ్చేస్తా," అన్నాడు అంజనప్ప. గొంతు ఎందుకో నీరసంగా ఉంది.

అదే సమయంలో గంగప్ప కాఫీ కోసం లేచాడు. వడ్డించేవాడు బల్లల మీద కాగితం చుట్ట దొర్లించుకుంటూ కీబోర్డు మీదుగా కూడా పరిచేసి, దాని ముందు ఆకు వేశాడు. ఒక పెద్దాయన ఆత్రంగా వచ్చి కూర్చుని, కాగితం కింద ఎత్తుగా ఉన్నచోట నీళ్ల గ్లాసు పెట్టుకున్నాడు.

వేదిక మీద 'ఢమ్' అని ఒక దెబ్బ మోగింది. పెళ్లికొడుకు యోగేష్ ఉలిక్కిపడి తాళి అందుకున్నాడు. "ఇంకా లేదు నాయనా," అని పురోహితుడు ఆపాడు. గ్లాసు లేచి మళ్లీ దిగింది. ఇంకో 'ఢమ్'.

"నేను కాదన్నా!" అంది ప్రతిభ.

అశోక్ భోజనాల హాలు వైపు చూశాడు. గంగప్ప లేడు. ఆ కీబోర్డును తప్పిద్దామని ట్యాబ్లెట్ తెరిస్తే మూడింటికీ ఒకటే పేరు కనిపించింది. ధైర్యం చేసి ఒకటి తీసేశాడు. తన నాదస్వరం మూగబోయింది. ఇంకొకటి తీసేశాడు. ప్రతిభ డోలు పోయింది. ఇక మిగిలింది గట్టిమేళం ఒక్కటే.

సరిగ్గా అప్పుడే ఆ పెద్దాయన ఎడమ మోచేయి ఆనించి, తీరిగ్గా వడ అందుకున్నాడు.

గట్టిమేళం మోగాక మనవాళ్లెవరూ ఆలోచించరు. అక్షింతలు గాల్లోకి లేచాయి. రెండుసార్లు బెదిరి ఉన్న యోగేష్ తలెత్తకుండా ముళ్లు వేసేశాడు. "ఆగండి!" అని పురోహితుడు అరిచాడు గానీ, వేరే మాటలేవీ వినబడకూడదనే కదా గట్టిమేళం పెట్టింది.

చెన్నమ్మ వేదిక మెట్టు మీద కూలబడి ఏడ్చేసింది. "మా అన్న ఇంక రాడు."

"నేను లేకుండానే తాళి కట్టించినారా?" భోజనాల హాలు గుమ్మంలోంచి అంజనప్ప గర్జించాడు. "ఇంక మీ వాకిలి తొక్కితే అడుగు!"

ఆయన వెనకే గంగప్ప కీబోర్డు మోసుకొచ్చాడు. "అశోకప్పా, దీని మీద ఎవరో మోచెయ్యి పెట్టుకోని తిన్నారప్పా. కాగితమంతా చట్నీ!"

అందరి చూపులూ అంజనప్ప తెల్లచొక్కా ఎడమ మోచేతి మీద వాలాయి. అక్కడ పచ్చటి చట్నీ తాజాగా మెరుస్తోంది.

"షుగరు మాత్ర వేసుకున్నాను చెన్నమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "కండ్లు తిరిగినాయి. ఉపాసం తప్పినానని తెలిస్తే బాగుండదని ఫోనులో అబద్ధం చెప్పి ఎనక గేటులో వచ్చినాను."

"ఎనిమిదేండ్లకు వచ్చి దొంగతనంగా తింటావా అన్నా? నన్నడిగి ఉంటే నేనే వడ్డించనా?" చెన్నమ్మ ఏడుస్తూనే నవ్వింది. కొంగుతో ఆయన మోచెయ్యి తుడిచింది. అంజనప్పకు కూడా కళ్లు చెమ్మగిల్లాయి.

పురోహితుడు గడియారం చూశాడు. "ఏడూ ఇరవై. ముహూర్తంలోనే పడింది."

"గట్టిమేళం కొట్టింది నువ్వే మామా," అన్నాడు అశోక్.

అంజనప్ప మీసం సర్దుకున్నాడు. ఇప్పుడు సామల్పట్టిలో ఎక్కడ నలుగురు కూర్చున్నా, మేనకోడలి పెళ్లికి గట్టిమేళం తానే వాయించానని చెప్పుకుంటున్నాడు. ఏ వేళ్లతో వాయించావని అడిగితే మాత్రం మాట మారుస్తాడు.