ఓకే అంటే ఒప్పుకున్నట్టా?

మనిషి కనిపెట్టిన మాటలన్నిటిలోకీ గొప్పది ‘ఓకే’. అదొక్కటి ఉంచుకుని మిగతా నిఘంటువును తూకానికి అమ్మేయొచ్చు!

దాని పుట్టుక చూడండి. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట కొందరు పత్రికలవాళ్లు ‘ఆల్ కరెక్ట్’ను సరదాకి తప్పు స్పెల్లింగుతో రాసి, ఆ తప్పుల్లోంచే ‘ఓ’, ‘కే’ అని రెండక్షరాలు ఏరారట. ‘అంతా సరిగ్గా ఉంది’ అని చెప్పే మాటే తప్పుల తడక! ఆఫీసుల్లో ఇంతకన్నా నిజాయితీ గల మాట ఇంకోటుందా?

పైగా ఎన్ని అర్థాలు! అవును. కాదు. వినలేదు. విన్నాను, చెయ్యను. ఇక ఫోను పెట్టెయ్. మా పిన్ని ‘ఓకే’ అందంటే మాత్రం బాబాయికి ఆ పూట మూడినట్టే.

బాబాయి లిఫ్టు మెకానిక్. పదకొండంతస్తుల బిల్డింగు. మొన్న సోమవారం, బ్రేకు అరిగిపోయింది, లిఫ్టు నడిపితే ప్రమాదం అని సూపర్‌వైజర్‌కి మెసేజ్ పెట్టాడు. క్షణంలో జవాబు: ‘ఓకే’.

సరే ఆపమన్నాడనుకుని బాబాయి లిఫ్టు ఆపి, కొత్త బ్రేకు కోసం వెళ్లాడు. ఈలోపు సూపర్‌వైజర్ వచ్చాడు. ఆగిన లిఫ్టు చూసి, విసుక్కుని, స్విచ్ వేయించాడు. గంట తిరక్కుండా లిఫ్టు ఏడుగురితో రెండంతస్తులు జారి మధ్యలో ఇరుక్కుంది. ఒకామె కాలు విరిగింది.

మర్నాడు విచారణ.

“ప్రమాదమని రాశాను కదా సార్. మీరు ఓకే అన్నారు” అన్నాడు బాబాయి.

“ఓకే అంటే మెసేజ్ అందిందని. చదివానని నీకెవరు చెప్పారయ్యా?”

చూశారా మహిమ! రెండక్షరాల వెనక నిలువెత్తు మనిషి దాక్కోవచ్చు.

తప్పంతా బాబాయిదేనని టైపు చేసిన కాగితం ఆయన ముందుకే తెచ్చారు. కింద ఓకే అని రాసి సంతకం పడేస్తే మందలింపుతో పోతుందని, లేకపోతే ఉద్యోగం సంగతి చెప్పలేమని సముదాయించారు. ఇరవై రెండేళ్ల సర్వీసు. వాళ్లమ్మాయి ఇంకా కాలేజీలోనే ఉంది. నోరు మూసుకుని రాయొద్దూ?

బాబాయి కళ్లజోడు పెట్టుకుని కాగితం మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఆ ఆఫీసు చరిత్రలో అంతటి అవిధేయత ఎవరూ ఎరగరు! చదివి, కింద గుండ్రంగా రాశాడు: ‘చదివాను. ఒప్పుకోను.’

గది గదంతా బిత్తరపోయింది. రెండో అర్థం లేని వాక్యాన్ని ఏ ఫైల్లో పెట్టాలో ఎవరికీ తోచలేదు.

ప్రస్తుతం ఆయన సస్పెన్షన్‌లో ఉన్నాడు. ఉండాల్సిందే. చదివి సంతకం పెట్టేవాణ్ణి ఒక్కణ్ణి వదిలేస్తే, రేపు పైనున్నవాళ్లంతా చదవాల్సి వస్తుంది!