ఆసుపత్రి ఎత్తు మీద ఆరు రోలర్ల దండయాత్ర

బండి చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పగల చెవులున్న వారలారా, కాసేపు ఇటు వినండి. ధూళిధూమ సమాకీర్ణమైన ఒకానొక శనివారం, ఉదయం తొమ్మిదింబావు వేళ, భాస్కరుడు ఆసుపత్రి కప్పు మీది నీళ్లట్యాంకును దాటి పైకి వస్తుండగా, ఆ ఆసుపత్రికి పోయే ఎత్తురోడ్డుకు సరిగ్గా నడిమధ్యన, ముదురు ఎరుపు స్కూటరు ఒకటి తన పికప్‌ను పోగొట్టుకుంది.

పోగొట్టుకోవడమంటే ఏదో కాస్త తగ్గడం కాదు. ఇంజను సింహనాదం చేస్తూనే ఉంది. చక్రం మాత్రం, బోర్డు దగ్గరికి పిలిస్తే లెక్క రాని పిల్లవాడిలా, ఉన్నచోటే నిలబడి నేల చూపులు చూస్తోంది.

దాని సారథి సామాన్యుడు కాడు. ఇరవై రెండేళ్లుగా ఎనిమిదో తరగతి కోలాహలాన్ని ఒంటిచేత్తో నిలువరిస్తున్నవాడు, సుద్దధూళి ధూసరిత దక్షిణహస్తుడు, భిన్నాంక భయంకరుడు, లెక్కల మాస్టారు. వెనక సీటు మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఆయన అత్తగారు. వామజాను వేదన ఆవిడ నడకను తగ్గించింది గాని మాటను తగ్గించలేదు. ఆ మోకాలికి వ్యాయామం చేయించడానికే వారం వారం ఈ ఆరోహణ.

"అల్లుడుగారూ, మనం వెళ్తున్నామా, ఆగామా?"

"వెళ్తున్నాం అత్తయ్యా."

"మరి ఆ గోడ మీద కాయితం నేనిప్పటికి మూడుసార్లు చదివాను. అద్దెకిచ్చే గదికి కిటికీ కూడా ఉందట."

మాస్టారు యాక్సిలేటరును ఇంకాస్త మెలితిప్పారు. సింహనాదం పెరిగింది. ప్రయాణం పెరగలేదు. అత్తగారు దిగారు. చేతికర్ర ఊనుకుని నడక మొదలుపెట్టారు. బరువు తగ్గి అంగుళం అంగుళంగా పాకసాగిన స్కూటరును పదో అడుగులో దాటారు. దాటుతూ, వాగ్బాణాలన్నిటిలోకీ మెత్తనిది ఏరి, వెనక్కి తిరగకుండానే వదిలారు.

"మీరు నిదానంగా రండి నాయనా. నేను వెళ్లి టోకెను తీసుకుంటాను."

ఆ సాయంత్రం, ఇంటి వంటగదిలో, గ్లాసు కడుగుతూ ఆవిడ శాసనం చేశారు. "వచ్చే శనివారం కూడా నన్ను దారిలో దింపితే, ఇక ఆ బండి అమ్మేయండి. బస్సులో పోదాం."

ఆ బండిని కొన్నది ఆవిడ కూతురు. నడిపిందీ, విప్పిందీ, బిగించిందీ ఆమే. ఆమె పోయి ఏడు నెలలు. బండి అమ్మడమంటే ఏమిటో ఆ వంటగదిలో ఇద్దరికీ తెలుసు. మాస్టారు "సరే అత్తయ్యా" అన్నారు.

ఆదివారం తెల్లవారింది. భార్య పనిముట్ల పెట్టెలోంచి పానాలూ రెంచీలూ తీసి పాత దుప్పటి మీద పరిచి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, కళ్లజోడును ముక్కు మీద స్థిరపరచి, గేరు మార్చే పని మనిషి చేతిలోంచి లాక్కుని తానే చేసుకునే ఆ గర్విష్ఠి యంత్రాంగం దాగి ఉన్న ఎడమవైపు మూత ఎదుట మోకరిల్లి, జీవితంలో ఏనాడూ బల్బు తప్ప మరేదీ విప్పి ఎరుగని ఆ మహావీరుడు, లోపలి పెద్ద నట్టును ఉద్దేశించి ఇలా గర్జించారు:

"ఓ షడ్భుజ దుర్గద్వారమా! సవ్యాపసవ్య దిశలు రెండే ఉన్నాయి. రెండింటిలో ఏదో ఒకదానికి నువ్వు లొంగక తప్పదు. పుల్లీని తిరగనివ్వని ఈ ఇనుపకొక్కెం నా ఎడమచేత ఉండగా, మూరెడు రెంచీ నా కుడిచేత ఉండగా, నీ బిగువు ఎన్నాళ్లు? లే! కదులు! లేదా నీ కోణాలు ఒక్కటీ మిగలవు!"

కిటికీలోంచి అత్తగారి తల కనిపించింది. "ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు అత్తయ్యా."

"మరి ఎవర్ని లెమ్మంటున్నారు?"

నట్టు లొంగింది. లోపల, పళ్లెం లాంటి బిళ్ల వెనక, ఆరు గాడుల్లో ఆరు రోలర్లు ఉన్నాయి. ఒక్కొక్కటీ బొటనవేలి కణుపంత. దీన్నే వేరియేటర్ అంటారు. బండి వేగం అందుకునే కొద్దీ ఈ ఆరుగురు భటులూ అంచులకు దొర్లి, వెనక చక్రాన్ని తిప్పే బెల్టును పైకి నెడతారు. భటులు తేలికైతే ఎత్తు ఎక్కుతుంది గాని చదును మీద అరుపే తప్ప పరుగుండదు. బరువైతే చదును మీద పరుగు బావుంటుంది గాని ఎత్తు దగ్గర కాళ్లు పీకుతాయి. కంపెనీ ఇచ్చిన పదమూడు గ్రాముల రోలర్లను తీసేసి, మాస్టారి భార్య ఎక్కడినుంచో తనకు నచ్చినవి తెప్పించి వేసుకుంది. అవిప్పుడు ఒకవైపు చదునుగా అరిగి, దొర్లడం మానేసి, మధ్యాహ్నం తరగతిలో బెంచీ మీద వాలిన పిల్లల్లా ఒరిగిపోయి ఉన్నాయి.

సోమవారం మాస్టారు వాటిని బడిలోని త్రాసులో తూచారు. మూడు తొమ్మిదిన్నర గ్రాములు. మూడు పదకొండున్నర. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. వరస తప్పిన ప్రార్థన చూసినా, మార్జిను గీయని పుస్తకం చూసినా ఆయనకు ఇలాగే అవుతుంది. ఒకే జట్టులో రెండు బరువులా? అమ్మినవాడెవడో ఆమెను మోసం చేశాడు!

మంగళవారం సాయంత్రం, న్యాయధర్మ పరిరక్షణార్థం, ఆయన విడిభాగాల దుకాణం మీదికి దండెత్తారు. దుకాణదారును ఊరంతా బేరింగు బాబాయి అంటారు. ఆయన గల్లాపెట్టె వెనక స్టూలు మీద కూర్చుని, ఎవరేం చెప్పినా ముందు దవడ తిప్పి ఆలోచిస్తారు.

"ఇవి నా సరుకు కాదు మాస్టారూ. మీ ఆవిడ నా మాట ఎప్పుడు విన్నారు గనక? నేను ఒకటి చెబితే, నవ్వి, ఇంకోటి కొనేవారు."

"మోసపోయింది. రెండు రకాలు కలిపి అంటగట్టారు."

"ఆవిడా? మోసపోవడమా?" బాబాయి దవడ ఆగిపోయింది. "సర్లెండి. ఎత్తు ఎక్కాలంతేగా? ఎనిమిది గ్రాములవి ఆరు పట్టుకెళ్లండి. గోడ చూపిస్తే గోడెక్కుతుంది."

"ఆరూ సమానమేనా?"

"కవలపిల్లలు."

సమానత్వమే తన ధర్మంగా గల మాస్టారికి ఆ మాట చాలింది. బుధవారం బిగించేటప్పుడు ఆయనకు ఇంకో పుణ్యకార్యం కూడా తోచింది. ఆరూ పొడిపొడిగా ఉన్నాయి. రాసుకుంటే నొప్పి కదా! కరుణాసముద్రుడై, డబ్బాలోంచి గ్రీజు తీసి, జలుబు చేసిన పిల్లల ఛాతీకి మందు రాసినట్టు ఒక్కొక్కదానికీ దట్టంగా పట్టించారు.

ఆ సాయంత్రం పరీక్షార్థం బయల్దేరిన స్కూటరు పెట్టిన కేకకు వీధిలోని మూడు కుక్కలు తమ తరతరాల సరిహద్దు తగాదా మరిచి ఒకే గేటు కింద దూరాయి. కేక ఉత్తర దిక్కున వినిపించింది, దక్షిణ దిక్కున వినిపించింది. బండి మాత్రం వీధి మలుపు దాకానే వెళ్లింది. అక్కడి చిన్న ఎత్తు మొదట్లో గ్రీజు చిమ్మి బెల్టు మీద పడింది. బెల్టు జారింది. పొగ వచ్చింది. మాస్టారు బండిని తోసుకుంటూ ఇల్లు చేరారు.

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"వెళ్లడం విన్నాను. రావడం వినపడలేదే?"

మాస్టారు మూత విప్పారు. గ్రీజు అంతటా ఉంది. ఆయన దుప్పటి మీద కూలబడ్డారు. అత్తగారు కాసేపు చూసి, కుర్చీ ఒకటి లాక్కుని, నొప్పి కాలు చాపి ఎదురుగా కూర్చున్నారు.

"దానికి జిడ్డెందుకు పూశారు?"

"అరక్కుండా ఉంటుందని."

"అమ్మాయి పూసేది కాదే. పొడిగుడ్డతో పలక తుడిచినట్టు తుడిచేది. నా వంటగది గుడ్డలన్నీ దానికే అయిపోయాయి."

మాస్టారు తలెత్తారు. "మీరు చూశారా?"

"చూడక? నా పళ్లెంలోనే కదా పేర్చేది! ఒకటి బరువుది, పక్కన ఒకటి తేలికది. మళ్లీ బరువుది, మళ్లీ తేలికది. అదేమిటే, కొట్టుకునే పిల్లల్ని విడదీసి కూర్చోబెట్టినట్టు, అన్నాను. నవ్వింది."

"కావాలనే రెండు రకాలా?"

"తేలికవి మూడు నీకోసమమ్మా, అంది. ఎత్తెక్కాలి కదా. మూడు ఆయనకోసం, ఎప్పుడూ బడికి ఆలస్యమే, చదును మీద పరిగెత్తాలి, అంది. ఇద్దర్నీ ఒకే బండి మీద మొయ్యాలంటే ఇంతకన్నా దారి లేదంది." అత్తగారు చీర కొంగు సర్దుకున్నారు. "మీకు చెప్పలేదా?"

చెప్పే ఉంటుంది. ఆయన పేపర్లు దిద్దుతూ ఊ కొట్టి ఉంటారు.

గురువారమంతా తుడవడంతోనే గడిచింది. బెల్టు తుడిచారు, పుల్లీ తుడిచారు, ఆరు గాడులూ తుడిచారు. గుడ్డలు అత్తగారే అందించారు, ఒక్కొక్కదానికీ ఒక్కో వంకతో. శుక్రవారం బేరింగు బాబాయి దుకాణంలో మాస్టారు, అరిగిన అరగ్రాము కలిపి లెక్కకట్టి, పది గ్రాములవి మూడూ పన్నెండు గ్రాములవి మూడూ అడిగారు.

"రెండు రకాలు కలుపుతారా? కంపెనీవాడు వింటే మంచమెక్కుతాడు మాస్టారూ."

"ఎక్కనివ్వండి."

బాబాయి దవడ తిప్పి ఆలోచించి, ఆరూ కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు. "ఆవిడా ఇలాగే అనేవారు."

అంతట శనివారం వచ్చింది. కర్ర అడ్డంగా, సంచి నిలువుగా పట్టుకుని అత్తగారు అధిరోహించగా, నిన్నటి నుంచి నాలుగుసార్లు బిగించిన నట్టును మనసులో ఐదోసారి బిగించుకుంటూ మాస్టారు మీట నొక్కగా, పొడిగా, శుభ్రంగా, ఒకటి విడిచి ఒకటిగా ఆసీనులైన ఆ ఆరుగురు భటులు మెల్లగా అంచులకు దొర్లగా, కేకలేని, పొగలేని, తడబాటులేని ఒక సన్నని గుంజుతో ఆ ముదురు ఎరుపు వాహనం ఎత్తు మొదలును తాకి, వంపు తిరిగి, అద్దెగది కాగితం అంటించిన గోడ దగ్గరికి చేరింది.

"ఇక్కడేగా దింపారు," అన్నారు అత్తగారు.

"పట్టుకోండి అత్తయ్యా."

గోడ వెనక్కి పోయింది. ముందర, సైకిలు తోసుకుంటూ ఎత్తెక్కుతున్న ఒక పెద్దమనిషి. ఆయనకూ స్కూటరుకూ మధ్య దూరం పది గజాలు, ఐదు గజాలు, గజం. ఆయన పక్కకు చూశారు. మాస్టారు ఎదురుగా చూశారు. అత్తగారు మాత్రం తిరిగి చూసి, రాజ్యం గెలిచిన మహారాణిలా, "నిదానంగా రండి!" అన్నారు.

కనుక దిక్కులారా, వినండి! నడిచిపోయే మనిషి ఒకరు ఓడిపోయారు. నొప్పి మోకాలు ఒకటి అడుగైనా నడవకుండా పైకి చేరింది. నూటయాభై గజాల ఎత్తును, ఓడిన ఆ పెద్దమనిషీ గేటు దగ్గరి కాపలామనిషీ తప్ప మరెవ్వరూ చూడకుండా, లెక్కల మాస్టారు జయించారు.

అత్తగారు దిగి, కర్ర నేలకు ఆనించి, స్కూటరు సీటు మీద దుమ్ము ఒకసారి అరచేత్తో తుడిచారు.

"అమ్మేమాట అనవసరంగా అన్నాను," అన్నారు. తరవాత, "అమ్మాయి ఇంకోటి మిగిలిందనేది. వెనకాల పెద్ద స్ప్రింగు మెత్తబడిందట. మీ వేసవి సెలవుల్లో మారుస్తాననేది."

"ఏది కొనాలో చెప్పిందా?"

"అది నాకేం తెలుసు నాయనా."

ఏది వేయాలో తెలిసింది ఆమెకొక్కదానికే; వెనక స్ప్రింగు ఇంకా మార్చలేదు.